తోలు తాడు అల్లినంత నిదానంగా

రాత్రిపూట పశువుల కొట్టం. నీళ్లలో నానుతున్న పచ్చితోలు పట్టీలు. ఒకతని చేతులు ఆ నీళ్లలోకి దిగుతాయి, తోలు తీసి పిండుతాయి, తాడు అల్లుతాయి, మళ్లీ నీళ్లలోకి దిగుతాయి. చేతికి తగిలిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కట్టు లేదు. నీళ్లలో కాస్త నెత్తురు కలుస్తుంది. పక్కనే ఒక కుర్రాడు నిలబడి చూస్తుంటాడు, పాత సంగతులు అడుగుతుంటాడు, సిగరెట్ చుట్టి నోటికి అందిస్తాడు. మొదటిసారి చూసేవాళ్లకు ఇది ఇద్దరు ఒంటరివాళ్లు దగ్గరవుతున్న సీను. రెండోసారి చూసేవాళ్లకు ఇది హత్య.

జేన్ క్యాంపియన్ తీసిన 'ద పవర్ ఆఫ్ ద డాగ్' సినిమాలోది ఈ సీను. 2021 సెప్టెంబరులో వెనిస్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించినప్పుడే దర్శకత్వానికి సిల్వర్ లయన్ అవార్డు తెచ్చుకుంది. డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది ఆస్కార్‌కు 12 నామినేషన్లు వస్తే చేతికందింది ఒక్కటే, ఉత్తమ దర్శకత్వం. కథ చివరిదాకా చెప్పకుండా ఈ సినిమా పనితనం గురించి మాట్లాడటం కుదరదు కాబట్టి, చూడనివాళ్లు ముందు చూసి రావడం మేలు.

కథ చెప్పాలంటే నాలుగు వాక్యాలు చాలు. 1925, అమెరికాలోని మోంటానా. ఫిల్, జార్జ్ బర్బ్యాంక్ అనే అన్నదమ్ములది పెద్ద పశువుల రాంచ్. తమ్ముడు జార్జ్, భోజన హోటల్ నడుపుకునే రోజ్ అనే వితంతువును పెళ్లి చేసుకుని ఇంటికి తెస్తాడు. అన్న ఫిల్‌కు అది గిట్టదు, మరదలినీ ఆమె కొడుకు పీటర్‌నూ మాటలతో, ఈలలతో, చూపులతో పీక్కు తినడం మొదలుపెడతాడు.

కౌబాయ్ సినిమా అంటే తెలుగు ప్రేక్షకుడికి 1970ల నాటి కృష్ణ సినిమాల నుంచీ ఒక లెక్క ఉంది. గుర్రాలు, దుమ్ము, నిధి వేట, ఆఖర్న ఎదురుబొదురుగా తుపాకులు. ఈ సినిమాలో ఒక మనిషి మరో మనిషి మీద తుపాకి పేల్చడం అసలు ఉండదు. అందుకే సగం చూసి "ఏమీ జరగట్లేదు" అని ఆపేసినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ మాటలో ఒక నిజం ఉంది. జరుగుతున్నదేదో కనపడకూడదనే దర్శకురాలు సినిమాను అలా కట్టింది.

ఊక నిప్పు సంగతి పల్లెటూరి వాళ్లకు తెలుసు. పైకి మంట ఉండదు, పొగ కూడా సన్నగానే వస్తుంది. లోపల మాత్రం నిప్పు పాకుతూనే ఉంటుంది, కాలు వేసినవాడికే తెలుస్తుంది. స్లో బర్న్, అంటే నిదానంగా రగిలేవి, అని పిలిచే సినిమాల్లో ఎక్కువ భాగం నిజానికి తడి కట్టెలు: పొగే తప్ప నిప్పు లేదు. పొడుగాటి షాట్లు, మౌనంగా కిటికీలోంచి చూసే మనుషులు, అంతే. ఈ సినిమా దానికి భిన్నం. ఇందులో షాట్లు మరీ పొడుగ్గా ఉండవు. నిడివి కూడా రెండు గంటల పైన కొద్ది నిమిషాలే. పైగా పెద్ద సంఘటనల్ని ఇది నిర్దాక్షిణ్యంగా ఎగరగొట్టేస్తుంది. జార్జ్, రోజ్‌ల పెళ్లి తెర మీద లేదు. జార్జ్ వచ్చి అన్నకు రెండు ముక్కల్లో చెప్పేస్తాడు, అయిపోయింది. అదే సినిమా, పీటర్ దువ్వెన పళ్ల మీద బొటనవేలు గీరడాన్ని మాత్రం చెవిలో పడేలా వినిపిస్తుంది. పెద్దవి గబగబా దాటేసి చిన్నవాటి దగ్గర నిలబడటం, ఈ సినిమాలో నిదానం అంటే అదే. ఆ చిన్నవాటిలోనే హత్యకు కావలసిన సరంజామా అంతా ఉంది.

అన్నిటికంటే తెలివైన పని మొదటి నిమిషంలోనే జరిగిపోతుంది. చీకటి తెర మీద పీటర్ గొంతు వినిపిస్తుంది: నాన్న పోయాక అమ్మ సుఖంగా ఉండాలన్నదొక్కటే తన కోరిక అనీ, అమ్మను కాపాడలేకపోతే తానేం మగాడిననీ. అంటే హంతకుడు ఎవరో, ఎందుకు చంపుతాడో సినిమా మొదలవకముందే చెప్పేశారు. ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే వెంటనే ఫిల్ తెర మీదికి వస్తాడు. ప్యాంటు మీద తోలు కాళ్లతొడుగులు (చాప్స్) వేసుకుని బూట్లు టకటకలాడిస్తూ ఇల్లంతా తనదే అన్నట్టు నడిచే మనిషి. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ ఆ పాత్రను ఎంత నిండుగా పోషించాడంటే, ప్రేక్షకుడి భయమంతా వెళ్లి అతని మీదే వాలుతుంది. కాగితం పూలు చేసే, తెల్లగుడ్డ చేతి మీద వేసుకుని వడ్డించే సన్నటి కుర్రాడి మీద ఎవరికి అనుమానం వస్తుంది? జాలి వస్తుంది. ఆ జాలే ముసుగు.

ఈ సినిమాకు మూలం థామస్ సావేజ్ 1967లో రాసిన అదే పేరు గల నవల. నవల మొదలయ్యేది ఫిల్ కత్తితో, అతను దూడలకు విత్తులు కొట్టే దృశ్యంతో. క్యాంపియన్ ఆ దృశ్యాన్ని వెనక్కి జరిపి, ముందుకు పీటర్ గొంతు తెచ్చింది. ఇంకో పెద్ద మార్పు కూడా చేసింది. నవల్లో పీటర్ తండ్రిని ఫిల్ నలుగురిలో అవమానిస్తాడు, ఆ తర్వాత కొన్నాళ్లకు తండ్రి ఉరేసుకుంటాడు. సినిమాలో ఆ లంకె లేదు. తండ్రి ఉరేసుకున్నాడన్న సంగతి మాత్రం పీటర్ నోట వస్తుంది. లంకె ఉంచి ఉంటే ఇది తండ్రి చావుకు కొడుకు తీర్చుకున్న పగ కథ అయ్యేది, అలాంటివి మనకు కొల్లలు. తీసేయడం వల్ల పీటర్ లోపల ఏముందన్నది తెరిచే ఉంది. తల్లి మీద ప్రేమా? చల్లటి లెక్కా? ఫిల్ మీద కాస్త ఇష్టం కూడా ఉందా? ఏ ఒక్క సమాధానమూ సరిపోదు.

ఇప్పుడు పియానో సీను. సినిమా పనితనమంతా ఒక గుప్పిట్లో చూడాలంటే ఇదొక్కటి చాలు.

గవర్నర్ వీళ్లింటికి విందుకు వస్తున్నారు. భార్య పియానో వాయిస్తే బాగుంటుందని జార్జ్ ముచ్చటపడి కొత్త పియానో తెప్పించాడు. రోజ్ ఒకప్పుడు సినిమా హాల్లో పియానో వాయించిన మనిషే, కానీ చేతికి అలవాటు తప్పింది. ఎవరూ లేరనుకుని ఇంటి హాల్లో కూర్చుని రాడెట్స్కీ మార్చ్ అనే బాణీ సాధన మొదలుపెడుతుంది. ఒకచోట వేలు తడబడుతుంది. మళ్లీ మొదటి నుంచి. పై అంతస్తులో ఫిల్ గది నుంచి బాంజో అనే తీగ వాద్యం మోగుతుంది, అదే పాట. ఆమె ఆగితే అదీ ఆగుతుంది. ఆమె మొదలుపెడితే అదీ అందుకుంటుంది. ఈసారి ఆమెకంటే వేగంగా, ఆమెకంటే శుభ్రంగా, ఆమె ఎక్కడ తడబడిందో అక్కడ తడబడకుండా చివరిదాకా లాగి ముగిస్తుంది. ఆ తర్వాత నిశ్శబ్దం.

సీనంతా కలిపి ఒక్క మాట లేదు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, చెయ్యెత్తలేదు. సాయంత్రం మొగుడు ఇంటికొస్తే రోజ్ ఏమని చెప్పుకోవాలి? "మీ అన్నయ్య బాంజో వాయించాడండీ" అనా? చెప్పుకోడానికి వీల్లేని హింస ఇది. ఉమ్మడి కుటుంబాల్లో కాపురం చేసినవాళ్లకు ఈ రకం బాగా తెలుసు: గిన్నె కాస్త గట్టిగా పెట్టడం, అడిగిన దానికి ఒక్క క్షణం ఆలస్యంగా బదులివ్వడం, సరిగ్గా వచ్చినప్పుడే తలుపు వేసుకోవడం. పంచాయితీ పెడితే పెట్టినవాళ్లే చిన్నబోతారు. విందు రోజు రోజ్ పియానో ముందు కూర్చుంటుంది, వేళ్లు కదలవు. ఆ తర్వాత ఫిల్‌కు బాంజో అవసరం కూడా లేదు. ఇంటి చుట్టూ ఎక్కడో నడుస్తూ ఆ పాట ఈల వేస్తే చాలు, ఆమె చెయ్యి సీసా వైపు పోతుంది. ఒక పాటను కొరడాగా మార్చడానికి సినిమా తీసుకున్న సమయం ఒక్క సీను. దాన్ని వాడుకున్నది సగం సినిమా.

జానీ గ్రీన్‌వుడ్ సంగీతం కూడా ఇదే తర్కం మీద నడుస్తుంది. వెస్టర్న్ అంటే వినపడాల్సిన బాంజోను అతను నేపథ్యంలో నేరుగా వాడలేదు, వయొలిన్‌కు పెద్దన్నలాంటి చెల్లోను బాంజోలా మీటించాడు. వినగానే తెలిసినట్టే ఉంటుంది, కానీ ఏదో తేడా, గొంతు మార్చి మాట్లాడుతున్న తెలిసిన మనిషిలా. రోజ్‌కు సంబంధించిన చోట్ల శ్రుతి తప్పిన మెకానికల్ పియానో మోగుతుంది. టెన్షన్ పెంచడానికి డప్పులు బాదే అలవాటున్న చెవులకు ఇది మొదట అసలు సంగీతంలానే అనిపించకపోవచ్చు.

ఆరీ వెగ్నర్ కెమెరా పని గురించి అందరూ కొండల అందం మాట్లాడతారు. అందం సరే. ఉత్తమ ఛాయాగ్రహణానికి ఆస్కార్ నామినేషన్ అందుకున్న రెండో మహిళ ఆమె. కానీ అసలు విశేషం ఆ ఇంటి లోపల ఉంది. బయట కళ్లు చెదిరే ఎండ, లోపల నల్లటి చెక్క గోడలు, పట్టపగలే చీకటి. కిటికీ, తలుపు, కొట్టం గుమ్మం లాంటి చట్రాల్లోంచే మనుషుల్ని చూపిస్తారు. ఎవరో ఎవరినో ఎప్పుడూ గమనిస్తూనే ఉన్నట్టు ఉంటుంది. అంత పెద్ద మైదానంలో ఎవరికీ దాక్కునే చోటు లేదు. ఫిల్‌కు ఒక్కడికే చెట్ల మధ్య ఒక రహస్య మడుగు ఉంది. తన గురువు, ఎప్పుడో చనిపోయిన బ్రాంకో హెన్రీ జ్ఞాపకాలు దాచుకునేది అక్కడే. అతని మీద ఫిల్‌కు ఉన్నది భక్తి మాత్రమే కాదనీ, ఆ మొరటుతనమంతా ఆ ప్రేమను కప్పిపుచ్చే దుప్పటి అనీ సినిమా ఎక్కడా నోరు తెరిచి చెప్పదు. పేరు కుట్టిన ఒక గుడ్డను చూపిస్తుంది, అంతే. మొరటుతనం వేషమేనన్న సంగతి కూడా గవర్నర్ విందులో మాటవరసగా బయటపడుతుంది: స్నానం చేయని ఈ కౌబాయ్ యేల్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన సాహిత్యం చదివినవాడు.

మోంటానా కథకు చిత్రీకరణ జరిగింది మాత్రం క్యాంపియన్ సొంత దేశం న్యూజిలాండ్‌లో, ఒటాగో ప్రాంతంలోని మానియోటోటో మైదానంలో. రాంచ్ ఇల్లు అక్కడ కొత్తగా కట్టారు. కోవిడ్ వల్ల 2020 మార్చిలో మధ్యలో ఆగి మళ్లీ మొదలైంది. ఆ ఇంటి ఎదురుగా ఉన్న కొండల్లో ఫిల్‌కు ఒక ఆకారం కనిపిస్తుంది. నోరు తెరిచి మొరుగుతున్న కుక్క. బ్రాంకో హెన్రీ చూశాడు, తాను చూశాడు, ఇంకెవరికీ కనపడదని ఫిల్ గర్వం. పనివాళ్లు ఎంత తేరిపార చూసినా కొండలే. పీటర్‌ను అడిగితే, అదా, మొరిగే కుక్క కదా అనేస్తాడు తేలిగ్గా. వచ్చిన రోజే చూశాడట. ఫిల్ నివ్వెరపోతాడు, ఆ క్షణంలోనే కరిగిపోతాడు. తనను అర్థం చేసుకునే మనిషి ఇన్నేళ్లకు దొరికాడనుకుంటాడు. నిజమే, దొరికాడు. ఎదుటివాడి లోపల ఏముందో చూడగల కన్ను ప్రేమించేవాడికీ ఉంటుంది, వేటగాడికీ ఉంటుంది. ఫిల్ ఆ రెండో సంగతి ఆలోచించడు. ప్రేక్షకుడూ ఆలోచించడు.

ఆలోచించడానికి కావలసినవన్నీ మాత్రం ముందే ఇచ్చారు. పీటర్ కుందేలును పట్టి తెస్తాడు, తల్లి దాన్ని నిమిరి మురిసిపోతుంది. ఆ తర్వాత చూస్తే అతని గదిలో బల్ల మీద ఆ కుందేలు కడుపు చీల్చి ఉంటుంది. డాక్టరు చదువు చదువుతున్నాడు మరి. తర్వాత కొండ దగ్గర కాలు విరిగిన కుందేలును చేతుల్లోకి తీసుకుని, మెల్లగా నిమిరి, నిమురుతూనే మెడ విరిచేస్తాడు. ఈ కుర్రాడు కోపంతో చంపడు, లాలిస్తూ చంపుతాడు. కొట్టంలో సిగరెట్ అందించిన చెయ్యి కూడా అలాంటిదే.

ఇక ఆంత్రాక్స్, పశువుల నుంచి మనుషులకు అంటుకుని ప్రాణం తీసే రోగం. సినిమా మొదట్లోనే, మందను తోలుకెళ్తుండగా దారిలో చచ్చిపడిన పశువు కనపడుతుంది, దాని జోలికి పోవద్దన్న మాట వినపడుతుంది. ఫిల్ చేతులకు గ్లవుజులు తొడగడని చూపిస్తారు, విత్తులు కొట్టేటప్పుడు కూడా ఉత్త చేతులే. పీటర్ ఒంటరిగా గుర్రమెక్కి కొండల్లోకి పోయి, చచ్చిన ఆవు కనపడగానే దిగి, గ్లవుజులు తొడుక్కుని తోలు కోస్తాడు. కొట్టంలో నీళ్లలో నానింది ఆ తోలే. ఇవన్నీ తెర మీద బాహాటంగానే జరుగుతాయి. తెలుగు రైతు ఇళ్లల్లో పుట్టినవాళ్లకు ఇక్కడ కాస్త ముందే గుండె దడదడలాడే అవకాశం ఉంది. దొమ్మ రోగమని పిలిచేది దీన్నే. ఆ రోగంతో చచ్చిన పశువు తోలు ఒలవకూడదనీ, లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలనీ పశువుల డాక్టర్లు చెప్తూనే ఉంటారు. విశాఖ మన్యంలో చచ్చిన పశువుల మాంసం వల్ల మనుషులకు ఆంత్రాక్స్ సోకిన వార్తలు తెలుగు పత్రికలకు కొత్త కాదు. నగరాల్లో పెరిగిన ప్రేక్షకుడు డాక్టరు ఆంత్రాక్స్ అన్నాకే వెనక్కి లెక్క వేసుకుంటాడు. (ఒక చిన్న అభ్యంతరం: చర్మం మీది గాయం ద్వారా సోకే ఆంత్రాక్స్ లక్షణాలు పైకి రావడానికి సాధారణంగా ఒకటి నుంచి ఏడు రోజులు పడుతుంది. అంతసేపూ నిదానంగా నడిచిన సినిమా, రోగం దగ్గరికొచ్చేసరికి మాత్రం రాత్రికి రాత్రే పని కానిచ్చేసింది.)

ఇంత చేసినా పీటర్ ఒక్కడే ఈ హత్య చేయలేదు. ఫిల్ చేతికి గాయమైంది కట్టెల కుప్ప కూలడం వల్ల, అది అనుకోకుండా జరిగింది. తాడు పూర్తి చేయడానికి ఫిల్ దగ్గర దాచిన తోళ్లు ఉండేవి. వాటిని తాగిన మైకంలో, ఫిల్ మీద కసితో, అటు వచ్చిన మూలవాసి తండ్రీకొడుకులకు ఇచ్చేసింది రోజ్. తోళ్లు లేకపోబట్టే పీటర్ దాచిన తోలు అక్కరకొచ్చింది. గ్లవుజులు తొడగకపోవడం ఫిల్ పౌరుషం. తల్లి కసి, హతుడి పౌరుషం, కూలిన కుప్ప, కొడుకు ఓపిక, అన్నీ పాయలుగా కలిసి తాడైంది. ఇందులో ఒక్క పాయ తీసేసినా ఫిల్ బతికేవాడు. స్క్రీన్‌ప్లే రాసేవాళ్లు చూడాల్సింది ఇక్కడ. ఇన్ని అడుగులున్న పథకాన్ని వేగంగా నడిచే సినిమాలో పెడితే కుట్లు బయటికి కనిపించేవి. పాయకూ పాయకూ మధ్య అంత ఎడం ఇవ్వబట్టే ఏదీ అమర్చినట్టు అనిపించదు.

అన్నీ కుదిరాయని కాదు. రోజ్ తాగుడు ఒకే మెట్టు మీద మళ్లీ మళ్లీ కొట్టుకుంటుంది. రోజ్‌గా చేసిన కిర్‌స్టెన్ డన్‌స్ట్ మొహం చెప్పగలిగినంత ఆ సీన్లు ఆమెకు ఇవ్వలేదు. జార్జ్ మధ్యలో చాలాసేపు కథలోంచి జారిపోతాడు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో మొగుడికి పట్టదా అన్న అనుమానం అతని మంచితనం మీద పడుతుంది, దాన్ని సినిమా తేల్చదు. ఆ మూలవాసి తండ్రీకొడుకులైతే తోళ్లు తీసుకుపోవడానికే వచ్చినట్టు వచ్చి వెళ్లిపోతారు. ఆ నేల వాళ్లదన్న సంగతి తెలిసిన సినిమా, వాళ్లకు ఇచ్చింది అంతే.

సినిమా పేరు బైబిల్లోని 22వ కీర్తన లోంచి వచ్చింది. తెలుగు బైబిల్లో 'కుక్కల బలము' అన్నది అక్కడి మాటే, దాని నుంచి ప్రాణాన్ని తప్పించమన్న మొర అది. చివర్లో పీటర్ అంత్యక్రియలకు పోకుండా తన గదిలో కూర్చుని ఆ వాక్యం చదువుకుంటాడు. పూర్తయిన తాడును గ్లవుజులు తొడిగిన చేతులతో మంచం కిందికి నెడతాడు.

ఫిల్ ఆఖరి రూపం అంతకుముందే చూపిస్తారు. ఒళ్లు తూలుతూ ఆ తాడు పట్టుకుని పీటర్ కోసం వెతుకుతాడు, తన చేత్తో ఇవ్వాలని. తమ్ముడు బండెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకుపోతుంటే తాడు చేతిలోంచి జారిపోతుంది. ఇక తర్వాత శవపేటిక. గవర్నర్ వస్తున్నాడు, కాస్త ఒళ్లు కడుక్కుని రమ్మని తమ్ముడు బతిమాలినా వినని మనిషి. ఇప్పుడు ఎవరో నింపాదిగా అతని గడ్డం గీస్తుంటారు.